తెగిన చోటికి రెండు పోగులు వెనక్కి

పోయిన నెల విజయనగరంలో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లివారు పాటకచేరీ పెట్టించారు. పాడవలసిన కుర్రాడు భోజనాల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడి మెడలో తాడు, తాడుకి ఒక అట్టముక్క. ‘గొంతుకు విశ్రాంతి. దయచేసి పలకరించవద్దు’ అని దాని మీద రంగు అక్షరాలు. పక్కన ప్లాస్కు పట్టుకుని ఒక మనిషి నిలబడి, వచ్చిన వాళ్లందరికీ “సారు వాయిస్ రెస్టులో ఉన్నారండి” అని విన్నవిస్తున్నాడు. జనం వరసకట్టి ఆ అట్టతో సహా ఫొటోలు దిగుతున్నారు. కుర్రాడు ప్రతి ఫొటోకీ నవ్వుతున్నాడు. కాసేపటికి స్టేజీ ఎక్కాడు. ముందే ఎక్కడో పాడి పట్టించుకొచ్చిన పాట పెట్టెలోంచి వస్తూంటే, దానికి తగ్గట్టు పెదవులు కదిపి దిగిపోయాడు.

నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి, చదువుకున్నవాడే, “ఈ మధ్య డాక్టర్లు కనిపెట్టారండి, గొంతుకి కూడా సెలవివ్వాలట” అన్నాడు.

ఈ మధ్యట. నేను పెరుగన్నం కలుపుకోకుండానే లేచి వచ్చేశాను. దారి పొడుగునా నాలో నేనే దెబ్బలాడుకున్నాను. బస్సులో పక్కవాడు జరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చి మంచం మీద వాలాక, ఆ కోపం అడుగున ఒక మనిషి నిలబడి ఉన్నాడని తెలిసింది. పోయి చాలా ఏళ్లయింది ఆయన. ఆయన గురించి ఎవరూ ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. రాయవలసిన వాళ్లు రాయనప్పుడు నాలాంటి వాడు రాస్తాడు. భాషలో తప్పులుంటే పండితులు వాళ్లలో వాళ్లు నవ్వుకోవచ్చు.

అరవైల చివరి మాట. అప్పటికి విజయనగరం పేరుతో జిల్లా లేదు. నెల్లిమర్లలో గోనెలు నేసే మిల్లు ఉంది. అందులో మగ్గాల ఖాతాలో, అంటే నేత విభాగంలో, ఆయనదీ నాదీ ఎదురెదురు మగ్గాలు. చుట్టరికం ఏదీ లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన ఒరే అనేవాడు. నేను బడికి వెళ్లింది అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేదాకానే. తక్కిన చదువంతా శెనగల పొట్లాలు విప్పి, గోడల మీద సినిమా కాగితాలు నిలబడి చదివి సంపాదించుకున్నది. అలా చదవడం వచ్చినందుకు మిల్లువాళ్ల నాటక సమాజంలో నాకు పుస్తకం పని ఇచ్చారు. తెర పక్కన చీకట్లో నిలబడి, వేషం కట్టినవాడు మాట మరిచిపోతే మెల్లిగా అందించడం నా పని.

ఆయన పొట్టి మనిషి. రాజు వేషానికి కావలసిన ఎత్తూ లేదు, రొమ్మూ లేదు. ఉన్నదల్లా మెడ. ఆ ఒంటికి ఆ మెడ ఎలా వచ్చిందో గాని, కొంగ మెడలా నిటారుగా ఉండేది. దాన్ని ఆయన సాకినట్టు పసిపిల్లల్ని కూడా ఎవరూ సాకరు. వేసవిలో తడిగుడ్డ, చలిలో ఉన్ని ముక్క. టీ ఇస్తే సాసర్లో పోసుకుని, అది చల్లారేదాకా దానికేసి కోపంగా చూస్తూ కూర్చునేవాడు. మంగలి దుకాణం ముందు నుంచి వెళితే ఆగి, అద్దంలో మొహం కాకుండా మెడ చూసుకునేవాడు. నాటకాలు దగ్గర పడితే చింతపండు ముట్టడు. చేపల పులుసు లేకుండా ముద్ద దిగని ఇల్లది. ఆ ఇంట్లో చింతపండు మానేసిన మొగుడంటే ఆ ఇల్లాలికి ఎంత విసుగో చెప్పక్కర్లేదు.

“నా మెడలో పుస్తి ఎప్పుడు తెగి పడిందో అడగండి, తెల్దు. ఆడి మెడకి దోమ కుట్టిన రోజు మాత్రం సెప్పీగల్డు,” అనేది ఆవిడ. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. నోరున్న మనిషి. ఆ వీధిలో ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్లు లేరు, ఆయన తప్ప. ఆయనా మాటతో చెప్పేవాడు కాదు, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయేవాడు.

మగ్గం మీద ఆయన పని చూడాలి. గోగునార దారం ఊరికే తెగుతుంది. తెగినప్పుడు మాబోటివాళ్లం మగ్గం ఆపి, తెగిన చోటే రెండు కొసలూ కలిపి ముడేసి మళ్లీ తోలేవాళ్లం. ఆ ముడి గోనె మీద పొక్కులా కనిపించేది. ఆయన అలా వేసేవాడు కాదు. నేసినదాంట్లోంచి రెండు పోగులు వెనక్కి తీసి, అక్కడ ముడి కలిపి, అక్కణ్ణించి నేత అందుకునేవాడు. ముడి నేతలోకి దిగిపోయేది. “ఎవుడు సూస్తాడు మావా? ఉల్లిపాయలు పోసుకునే గోనె,” అన్నాను ఒకసారి. “నాను సూస్తాను,” అన్నాడు. ఆయనకి ఆ గర్వం ఉండేది. అణకువ గల మనిషని నేను అబద్ధం చెప్పను.

మగ్గాల ఖాతాలో మాట వినబడదు. అన్ని మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలి తగలడమే తప్ప మాట అందదు. కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లు అరిచి, గొంతు బొంగురుపోయి, ఆ తరవాత దారికొచ్చేవాళ్లు. మా దారి చేతులు. దాహమైతే ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఒకటి, ఇంటి దగ్గర గొడవైందంటే ఒకటి. దారం తెగితే రెండు చూపుడు వేళ్ల కొసలూ కలిపి, చటుక్కున విడదీసేవాళ్లం. వెంటనే అరచెయ్యి ఎత్తి చూపిస్తే, ఉండండి, ముడేస్తున్నాను, అని అర్థం. అది చూసిన చుట్టుపక్కల వాళ్లు రెండు అరచేతులూ కిందికి పెట్టి చూపించాలి. చూశాం, నువ్వు కానీ, అని జవాబు. ఎవరూ నేర్పరు. ఆ చప్పుడే నేర్పుతుంది. చేతులతో కథలు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ చివర మగ్గం వాణ్ణి ఈ చివర నుంచి చేతులతో వెక్కిరించి, పొట్ట పట్టుకుని నవ్వేలా చేసేవాడు.

మా సమాజంలో అప్పటిదాకా రాజు వేషానికి గోదావరి వైపు నుంచి ఒక కిరాయి నటుణ్ణి తెచ్చేవాళ్లు. ఆయన వస్తే కుర్చీ, సోడా, విసనకర్ర. మేమంతా బల్లేలు పట్టుకున్న భటులం. పద్యాలన్నీ ఆయనవి, “చిత్తం ప్రభూ” మాది. ఒక ఏడు ఆ నటుడు రైలు అందుకోలేకపోయాడు. మిల్లు ఆవరణలో జనం కూర్చుని ఉన్నారు. భటుడి వేషంలో ఉన్న మావ బల్లెం నా చేతికిచ్చి, కిరీటం పెట్టుకుని వెళ్లి, రాజు పద్యాలన్నీ పాడేసి వచ్చాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. బల్లెం పట్టుకుని నిలబడ్డ ఏళ్లన్నీ విని నేర్చుకున్నవే.

ఆ మరుసటి ఏడు విజయనగరంలో నాటక పోటీలు. మేం వెయ్యబోయేది ఎచ్చెర్ల వైపు ఒక బడిపంతులు రాసిన పురాణ నాటకం. అచ్చుపడలేదు, ఇప్పుడు ఎవరికీ తెలియదు. కరువుతో ఎండిపోయిన రాజ్యం, ఆ రాజు చివర్లో కొండెక్కి మబ్బుని అడిగే పద్యం. అందరూ ఆ పద్యం కోసమే కూర్చుంటారు. దాని మూడో పాదం పైకి, ఇంకా పైకి వెళుతుంది. మావ ఆ వేషం తనకే కావాలన్నాడు.

మాకు హార్మోనియం వాయించే మేష్టారు విజయనగరం నుంచి వచ్చేవారు. పంచె నలగని మనిషి. ఆయన చెప్పిందే మాట. మావ అడిగితే ముందు నవ్వారు.

“మిల్లు ఆవరణలో మీవాళ్ల ముందు పాడావు, సరే. అక్కడ న్యాయనిర్ణేతలు ఉంటారయ్యా. మిల్లు గొంతు అరవడానికి పనికొస్తుంది, పద్యానికి రాదు. దుమ్ము తిన్న గొంతది.”

“దుమ్ము అందరం తిన్నాం మేష్టారూ. గొంతు నాది,” అన్నాడు మావ.

మేష్టారు మొహం ఎర్రబడింది. మా అందరి ఎదుటా మాట తీసుకున్నారు. “ఈ ఒక్కసారీ నీకు ఇస్తున్నాను. ఆ పద్యం మధ్యలో ఆగిపోయావా, ఈ జన్మలో మళ్లీ మొహానికి రంగు అడక్కు. నువ్వే కాదు, ఈ మిల్లు నుంచి ఎవరు వచ్చినా పద్యం వేషం ఇవ్వను. సరేనా?”

మావ మా మొహాలు చూశాడు. మాలో పాడగలిగినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లు తల దించుకున్నారు. ఆయన పందెం ఒడ్డింది తన ఒక్కడి ముచ్చట కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

“అలగే,” అన్నాడు.

ఆ రోజు అమావాస్య. పోటీలు పున్నమి దాటాక. ఆ “అలగే” తరవాత మావ నోరు మూశాడు.

మిల్లులో ఎవరికీ తేడా తెలియలేదు. అక్కడ అందరం మూగవాళ్లమే. వచ్చిన చిక్కల్లా గేటు దాటాకే. ఆయన మిల్లు సైగలు పట్టుకుని వీధిలోకి వచ్చాడు. టీ దుకాణంలో ఆ సైగలు చెయ్యగానే, “ఒరే, మూగరాజుగారొచ్చీసినారు, సింహాసనం ఎయ్యండి” అని కేకలు. “నీ రాజ్జింలో టీని ఏటంటారు బాబూ?” అని ఒకడు. “పెళ్లాం తిట్టినా పలకడంట, మనం తిడితే పలుకుతాడేటో సూద్దారి” అని ఇంకొకడు. నిజంగానే తిట్టి చూశారు. అమ్మనీ అయ్యనీ ముట్టుకున్నారు. మావకి ముక్కు మీద కోపం. మామూలు రోజుల్లో అయితే సాసరు గాలిలోకి లేచేది. ఆయన టీ చల్లారేదాకా చూసి, తాగి, గ్లాసు బోర్లించి, తిట్టినవాడి చొక్కాకి అంటుకున్న నారపోగు ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. వాడు ఆ పోగు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచి తిట్లు తగ్గాయి.

ఇంట్లో అత్త సంగతి వేరు. ఆవిడ మిల్లుకి ఎన్నడూ రాలేదు. మా సైగలు ఆవిడకి తెలియవు. మొదట్లో ప్రశ్నా తనే వేసి, జవాబూ తనే చెప్పుకుని, ఆ జవాబుకి మళ్లీ తనే తిట్టేది. “వంకాయ సెయ్యమంటావేటి? వొద్దంటావు. నాకు తెల్దేటి, నువ్వెప్పుడూ వొద్దనే అంటావు. వొద్దంటే మానీమంటావేటి? నానొండుతాను, తినూ.”

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఇంట్లో రభస. రాజు అంగరఖాకి కట్టే దారం తెగితే, మావ ఆవిడ ముందు నిలబడి రెండు వేళ్లూ కలిపి విడదీసి చూపించాడట. ఆవిడ చేట పక్కన పడేసి లేచింది.

“ఏటి, నీకూ నాకూ తెగిపోనాదా? ఈ మాట సెప్పడానికా అమాస నుంచి నోరు కట్టీసుకున్నావు? రా బాబూ, సూడు మీ మావని. ఇద్దరు పిల్లల్ని కన్నాక యేళ్లతో తెంపీస్తన్నాడు.”

నేను అది దారం సైగ అత్తా అని చెప్పి, సూదీ దారం అడుగుతున్నాడని అర్థం చెప్పాను. మావ గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. భుజాలు ఊగుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మెడలో నరం కూడా కదలనివ్వలేదు. నవ్వులో కూడా గొంతు కాపాడుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, “ఇంకెన్ని ఉన్నాయి ఇలాటివి, ముందే సెప్పీ” అని నన్ను కూర్చోబెట్టి కొన్ని నేర్చుకుంది.

రిహార్సలుకి మేష్టారు వచ్చారు. హార్మోనియం తీసి, “ఏదీ, మబ్బు పద్యం అందుకో, శ్రుతి చూసుకుందాం” అన్నారు. మావ చెయ్యి అడ్డంగా ఊపాడు. మేష్టారికి అర్థం కాలేదు. నేను చెప్పాను. “ఇప్పుడు పాడడట మేష్టారూ. వాయించమంటున్నాడు.”

“పాట లేకుండా వాయించడమేమిటయ్యా, పెళ్లికూతురు లేని పెళ్లిలా?”

మావ ఎదురుగా కూర్చుని, వాయించమని మళ్లీ చెయ్యి చూపించాడు. మేష్టారు విసుక్కుంటూనే మెట్లు నొక్కారు. ఈయన కళ్లు మూసుకుని, తొడ మీద వేళ్లతో తాళం వేస్తూ, పెదవులు కూడా కదపకుండా కూర్చున్నాడు. మూడో పాదం దగ్గర మెడ కొంచెం పైకి సాగింది. నాలుగో పాదంలో దిగింది. అంతే. మేష్టారు తిత్తి మూసేసి, “రేపు అక్కడ పరువు పోతే నన్ననకండి. ఆ గోదావరి ఆయనకి కబురు చేసి ఉంచుతాను, పోటీ రోజు విజయనగరంలోనే ఉంటాడు” అన్నారు. మావ దానికీ తలూపాడు. ఉండమను, అన్నట్టు.

మేష్టారు వెళ్లాక నేను భయపడి, “ఒక్కసారి పాడీ మావా, ఎవరూ లేరు, నాకోసం” అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వేళ్లు తన గొంతు మీద పెట్టించుకున్నాడు. చర్మం కింద సన్నగా ఏదో ఆడుతోంది. కాసేపటికి అది ఆ పద్యపు నడకే అని తెలిసింది. ఒకటో పాదం, రెండో పాదం. నేను చెయ్యి తీసేసుకున్నాను. లోపల పాడుకుంటున్న మనిషి దగ్గర చెయ్యి పెట్టి ఉంచడం తప్పనిపించింది.

పోటీ రోజు పొద్దున్నే తెరలూ పెట్టెలూ బండికెక్కించుకుని విజయనగరం చేరాం. కూరగాయల సంత మధ్య నుంచి వెళుతున్నాం. మావ ముందు నడుస్తున్నాడు, మెడకి తడిగుడ్డ. ఇంతలో వేరుశెనగ బస్తాల బండికి కాడి జారి, ఒక ఎద్దు విదిలించుకుని, కొమ్ములు దించి దుకాణాల మీదికి వచ్చేసింది. జనం చెల్లాచెదురయ్యారు. తోటకూర కట్టలు ముందేసుకుని ఒక ముసలావిడ వీపు ఇటు పెట్టి కూర్చుంది. మావ చెయ్యెత్తాడు. మా సైగే. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆవిడ చూడటం లేదు. చేతులు చూసేవాళ్లకే పనికొస్తాయి. వీపు తిప్పి కూర్చున్న మనిషికి గొంతే కావాలి.

మావ అరిచాడు. “లెగు అమ్మా.”

రెండు మాటలే. ఆ అరుపు సంతంతా వినబడింది. అమావాస్య నుంచి కూడబెట్టిందంతా అందులో ఉంది. ముసలావిడ ఉలిక్కిపడి పక్కకి దొర్లింది. ఎద్దు తోటకూర తొక్కుకుంటూ పోయింది. ఆవిడ లేచి, దుమ్ము దులుపుకుని, మావ మీదికి వచ్చింది.

“ఏట్రా ఆ అరుపు, సచ్చినోల్లు లెగిసొస్తారు. నానేటి సెవిటిదాన్నా? మెల్లగా సెప్తే లెగనా?”

మావ తడిగుడ్డ విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. గొంతు మీద రెండు వేళ్లు పెట్టి కాసేపు నిలబడ్డాడు. నాకేసి చూడలేదు. నడక అందుకున్నాడు.

మాకు ఎండ చల్లబడని వేళ ఆట ఇచ్చారు. పేరున్న సమాజాలకి దీపాలు వెలిగాక ఆట, మిల్లువాళ్లకి ఈగలు ముసిరే వేళ. కోట దగ్గర పందిట్లో ముందు కుర్చీల్లో న్యాయనిర్ణేతలు, పోటీల కార్యదర్శి, వాళ్ల వెనక అక్కడక్కడ జనం. కానీ మాకు తెరకంతలోంచి ఇంకొకటి కనిపించింది. పొద్దుటి షిఫ్టు దిగి, పాసింజరు బండి పట్టుకుని, సైకిళ్లు తొక్కుకుని, మా మగ్గాల ఖాతా అంతా వచ్చి వెనక నిలబడి ఉంది. తలల మీద నారపోగులు ఇంకా ఉన్నాయి. అత్త కూడా వచ్చింది, పిల్లల్ని చెరో పక్కా పట్టుకుని. ఆ పక్కనే ఒక స్తంభానికి ఆనుకుని గోదావరి నటుడు పట్టు ఉత్తరీయంతో నిలబడి ఉన్నాడు.

మొదటి పద్యాలు బాగా పాడాడు. నిజం చెప్పాలంటే, ఆ గొంతు నాకే కొత్తగా ఉంది. గాజులా మెరిసే గొంతు కాదది. నానబెట్టి, ఉతికి, ఆరబెట్టిన కోరా గుడ్డలా శుభ్రంగా ఉంది. పందిట్లో మాటలు తగ్గాయి. మేష్టారు హార్మోనియం మీద కొంచెం ముందుకి వంగారు. నేను తెర పక్కన పుస్తకం పట్టుకుని, అక్కర్లేకపోయినా ప్రతి అక్షరం మీదా వేలు పెట్టుకుని వెళుతున్నాను.

మబ్బు పద్యం వచ్చింది. రాజు కొండెక్కాడు. ఒకటో పాదం, రెండో పాదం. మూడో పాదం ఎత్తుకుని పైకి వెళుతూంటే, శిఖరానికి ఇంకొక మెట్టు ఉందనగా, గొంతు పుటుక్కుమంది. గాలి వచ్చింది, శబ్దం లేదు.

నేను మాట అందించాను. ఆయనకి కావలసింది మాట కాదు. మేష్టారు కప్పిపుచ్చడానికి మెట్లన్నీ గట్టిగా నొక్కారు. ముందు వరసలో కార్యదర్శి తెర దించమని తెరవాడికేసి చెయ్యెత్తబోయాడు. పందిట్లో ఎక్కడో ఈల మొదలైంది.

మావ కొండ మీద నిలబడి, రెండు చేతులూ ముందుకి తెచ్చి, చూపుడు వేళ్ల కొసలు కలిపి, విడదీశాడు. అరచెయ్యి ఎత్తాడు.

వెనక మగ్గాల ఖాతా చేతులన్నీ ఒక్కసారి లేచి, అరచేతులు కిందికి తిరిగాయి. ఈల వేసినవాడి పక్కన మా వాడెవడో ఉన్నట్టున్నాడు, ఈల సగంలో ఆగిపోయింది. ఆ చేతుల మధ్యలో గాజుల చేతులు రెండు కూడా ఉన్నాయి. అత్త నేర్చుకున్నది మరిచిపోలేదు. ముందు కుర్చీల వాళ్లు వెనక్కి తిరిగి, ఇదేమిటని చూస్తున్నారు. ఎవరూ వాళ్లకి చెప్పలేదు.

మావ తొందరపడలేదు. ఉమ్మి మింగాడు. తల వంచి, వేళ్లతో ముడి వేస్తున్నట్టే వేసి, మేష్టారికేసి తిరిగి, శ్రుతి ఒక మెట్టు దించమని చెయ్యి కిందికి చూపించాడు. మేష్టారు ఆగి, చూసి, దించారు. అప్పుడు తెగిన చోటికి రెండు మాటలు వెనక్కి వెళ్లి, అక్కణ్ణించి పద్యం అందుకున్నాడు.

ఈసారి ఆ గొంతు శుభ్రంగా లేదు. గీసుకుపోయింది, చీరుకుపోయింది, ఎండిన నారలా వచ్చింది. కరువు రాజు వాన అడిగితే ఎలా అడుగుతాడో అలా అడిగాడు. మూడో పాదం దాటింది. నాలుగో పాదం దిగింది. చివరి అక్షరం దగ్గర రాగం ఎంతసేపు నిలపాలో అంతసేపూ నిలిపాడు. నా పుస్తకంలో పేజీ తిప్పవలసి ఉండగా నేను తిప్పలేదు.

ఫలితాల దగ్గర మాకేమీ రాలేదు. కార్యదర్శి మైకు ముందు నిలబడి, “రాజు పాత్రధారి పద్యం మధ్యలో అసందర్భమైన సైగలు చేయడం రసభంగం” అని చదివాడు. అసందర్భమట. ఎవడి సందర్భం? ఇన్నేళ్లయింది, ఆ మాట నా చెవిలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు వీపు తిప్పి కూర్చున్నది తోటకూర ముసలమ్మ ఒక్కతే కాదు. ఆ ముసలమ్మ నయం, తిట్టడానికైనా మొహం ఇటు తిప్పింది.

అయితే అది తరవాతి మాట. పద్యం అయి, తెర పడి, మావ రంగు తుడుచుకుంటూ కూర్చున్నప్పుడు మేష్టారు లోపలికి వచ్చారు. వెనకాల గోదావరి నటుడు కూడా ఉన్నాడు. సమాజంలో అందరం లేచి నిలబడ్డాం. పాడగలిగిన ఆ ఇద్దరు ముగ్గురూ గుడ్డలు మడతపెడుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు.

“ఆగావు,” అన్నారు మేష్టారు.

మావ కొబ్బరినూనె గుడ్డ కింద పెట్టాడు. “అలగే” తరవాత తనకోసమని ఆయన మాట్లాడిన మొదటి మాట ఇదే. బొంగురుగా, లోపల్నించి తవ్వి తీసినట్టు వచ్చింది.

“ఆగనేదు మేష్టారూ. ముడేసినాను.”

గోదావరి నటుడు ఒక్కడే ముందుకొచ్చి, తన ఉత్తరీయం తీసి, మావ మెడకి చుట్టి, “మాట్లాడకు, గాలి తగులుతుంది” అని వెళ్లిపోయాడు. ఆయన మీద మాకున్న కోపం ఆ ఒక్క పనితో సగం పోయింది. మేష్టారు పెట్టె మీద కూర్చుని చాలాసేపు పంచె కుచ్చెళ్లు సవరించుకున్నారు. లేచేటప్పుడు, మావకేసి చూడకుండా, నన్ను అడిగారు.

“వచ్చే ఏడు ఆ పద్యానికి శ్రుతి ఎంత పెట్టమంటాడో అడుగు.”

మావ వేలు పైకి చూపించాడు. దించిన మెట్టు మళ్లీ ఎక్కించమని.

మర్నాడు షిఫ్టుకి వెళ్లాం. మగ్గాలన్నీ ఆడుతున్నాయి. నా ఎదుటి మగ్గం దగ్గర మావ, మెడకి పట్టు ఉత్తరీయం, దాని మీద అప్పుడే దుమ్ము. కాసేపయ్యాక ఆ చివర నుంచి ఒకడు చెయ్యెత్తి, వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. అలాంటి సైగ మాలో లేదు. రెండోవాడు తిప్పాడు. మూడోవాడు తిప్పాడు. వరస వరసా తిప్పుతున్నారు. అప్పుడు తెలిసింది, వన్స్ మోర్ అడుగుతున్నారు.

మావ అటూ ఇటూ చూశాడు. మగ్గం ఆపలేదు. మెడ నిటారుగా చేశాడు. నోరు తెరిచాడు. ఆ చప్పుడులో ఒక్క అక్షరం వినబడలేదు. మెడ మీద నరాలు లేచాయి, మూడో పాదం దగ్గర మెడ పైకి సాగింది, సాగి అక్కడే నిలిచింది, నాలుగో పాదంలోకి దిగింది. చుట్టూ ఉన్న వాళ్లందరూ తొడల మీద, మగ్గాల చట్రాల మీద, వేళ్లతో తాళం వేస్తున్నారు. ఒక్కడి తాళమైనా తప్పలేదు.